వాయిద్యాల కంపెనీ చేతికి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్: పదేళ్ల సెషన్ల మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక సంగీత దర్శకురాలిది. నాటకాలకు, డాక్యుమెంటరీలకు నేపథ్య సంగీతం చేస్తుంటారు. పదేళ్లకు పైబడి ఒకే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీద పని. ఆమె స్టూడియో వైరింగ్ దగ్గర్నుంచి సెషన్ల (ఒక్కో పాట పని మొత్తం దాచుకునే ఫైళ్ల) బ్యాకప్ దాకా చూసుకునేది నేనే. ఒక నాటకానికి సంగీతం సగంలో ఉండగా, కీబోర్డులూ సింథసైజర్లూ తయారుచేసే ఓ పెద్ద సంస్థ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీని కొనేసిందని ప్రకటన వచ్చింది. ఆ రెండు కంపెనీల పేర్లూ ఇక్కడ రాయడం లేదు, కేసుకు వాటితో పని లేదు.

ఆమె ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "సార్, ఇప్పుడే వేరే సాఫ్ట్‌వేర్‌కి మారిపోవాలా, ఆగి చూడాలా?"

భయం దేని గురించో కాస్త విడదీసి చెప్పమన్నాను. ఆమె వాడే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునూ వాయిద్యాలనూ కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొన్న సంస్థది కాదు, దాని పోటీదారుది. రేపు ఇది సరిగ్గా పనిచేయకుండా పోతుందేమోనన్నది ఒక భయం. ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కున్న లైసెన్సును నెలవారీ చందాగా మార్చేస్తారేమోనన్నది ఇంకొకటి. అసలు భయం చివర్లో బయటికొచ్చింది. "నాకు కొత్త ఫీచర్లేం అక్కర్లేదండీ. ఆరేళ్ల కిందట చేసిన పాట రేపు తెరిస్తే, అప్పుడెలా వినిపించిందో అలాగే వినిపించాలి. అంతే."

ఇన్నేళ్లలో నేను పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది కోరిక ఇదే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నవాడు అసలు కొనేది తన పాత పనికి ఒక తాళంచెవి. కొనే కంపెనీల ప్రకటనలు మాత్రం రాబోయే కాలం గురించే మాట్లాడతాయి. కొత్త అనుభవం, కొత్త అవకాశాలు, సృజనకారులకు కొత్త వేదిక. పాత ఫైళ్ల గురించి ఒక్క వాక్యం ఉన్న ప్రకటన నేను అరుదుగా చూశాను.

ఆ వారం ఏ నిర్ణయమూ తీసుకోవద్దని చెప్పాను. యాజమాన్యం మారిన రోజున మన కంప్యూటర్‌లో ఏమీ మారదు. ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్ మరునాడూ తెరుచుకుంటుంది. మార్పు కనబడేది తర్వాతి పెద్ద వెర్షన్‌లోనో, తర్వాతి ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినప్పుడో. నాటకం సగంలో ఉండగా సాఫ్ట్‌వేర్ మార్చడం వల్ల జరిగే నష్టం మాత్రం ఆ రోజు నుంచే మొదలవుతుంది. ముందు నాటకం పూర్తి చేయమన్నాను. ఈలోగా ఇలాంటి కొనుగోళ్లు ఇదివరకు ఎలా ముగిశాయో నేను వరసగా రాసుకున్నాను.

భయపడటానికి కారణమైన చరిత్ర ఉంది, కాదనలేం. 1985లో మొదలైన ఆప్‌కోడ్ కంపెనీ 1990లో స్టూడియో విజన్ తెచ్చింది. మిడి (ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా మోగాలో చెప్పే సంకేతాలు) సీక్వెన్సింగ్‌నీ డిజిటల్ ఆడియోనీ ఒకే కిటికీలో కలిపి అమ్మిన మొదటి సాఫ్ట్‌వేర్ అదే. మ్యాక్ మీద మిడి పరికరాలన్నిటినీ కలిపే ఓఎంఎస్ అనే పొర కూడా ఆప్‌కోడ్‌దే. వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్లు సైతం దాని మీద ఆధారపడేవి. 1998లో గిటార్ల కంపెనీ గిబ్సన్ ఆప్‌కోడ్‌ను కొంది. 1999కల్లా అభివృద్ధి ఆగిపోయింది. ఆ తర్వాత మ్యాక్ ఓఎస్ ఎక్స్ వచ్చింది, ఓఎంఎస్ అందులోకి రానేలేదు. అప్పటి స్టూడియో విజన్ సెషన్లు ఇవాళ తెరవాలంటే ఆ కాలపు కంప్యూటర్ ఒకటి పనిచేస్తూ ఉండాలి.

రెండో ఉదాహరణ దగ్గర ఎక్కువసేపు ఆగాను. అందులో మొదటి రెండుసార్లూ కొన్నవి వాయిద్యాల కంపెనీలే. సోనార్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన కేక్‌వాక్ కంపెనీ 1987లో మొదలైంది. 2008లో అందులో మెజారిటీ వాటా రోలాండ్ చేతికొచ్చింది. రోలాండ్ చేసిన పని వాయిద్యాల కంపెనీ చేస్తుందని ఎవరైనా ఊహించేదే. 2009లో వీ-స్టూడియో 700 అని ఒక వ్యవస్థ తెచ్చారు. కదిలే ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) ఉన్న కంట్రోలరు, ఆడియో ఇంటర్‌ఫేసు, ఆ ఇంటర్‌ఫేసు పెట్టెలోనే ఒక ఫాంటమ్ సింథసైజరు, వీటికి తోడు సోనార్ సాఫ్ట్‌వేరు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా బాగా కుదిరే జోడీ ఉండదు. ఇనుము వాళ్లదే, కోడూ వాళ్లదే. కానీ సోనార్ వాడేవాళ్లలో చాలామందికి అప్పటికే ఇంటర్‌ఫేసు ఉంది, కంట్రోలరు ఉంది. వాళ్లకు కావలసింది ఉన్నవాటితో సాఫ్ట్‌వేర్ నిలకడగా పనిచేయడం.

2013లో రోలాండ్ నుంచి కేక్‌వాక్ గిబ్సన్ చేతికి వెళ్లింది. గిబ్సన్ అప్పుడు వినోద ఎలక్ట్రానిక్స్‌లోకి పెద్ద ఎత్తున విస్తరిస్తోంది, 2014లో ఫిలిప్స్ ఆడియో వ్యాపారాన్ని కూడా కొంది. 2016లో సోనార్ ప్లాటినం మీద జీవితకాలం ఉచిత అప్‌డేట్లంటూ ఆఫర్ ఇచ్చారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2017 నవంబర్‌లో, కేక్‌వాక్ ఉత్పత్తుల అభివృద్ధి ఆపేస్తున్నట్టు గిబ్సన్ ప్రకటించింది. 2018 మే 1న గిబ్సనే దివాలా రక్షణ కోరుతూ దరఖాస్తు పెట్టుకుంది. మధ్యలో ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ అనే సంగీత టెక్నాలజీ కంపెనీ వచ్చి కేక్‌వాక్ కోడునూ హక్కులనూ కొని, ఏప్రిల్‌లో అదే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చింది. 2023లో మళ్లీ సోనార్ పేరుతో కొత్త వెర్షన్ ప్రకటించింది. వాడుకరుల సెషన్లు బతికాయి. బతికించింది మాత్రం జీవితకాలం అని మాటిచ్చిన యజమాని కాదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది ఒకటుంది. సోనార్ చెడ్డ సాఫ్ట్‌వేర్ కావడం వల్ల ఆగలేదు. యజమాని మిగతా వ్యాపారంలో అప్పులపాలయ్యాడు, ఆ దెబ్బ దీనికి తగిలింది. వాడుకరి ఎంత జాగ్రత్తగా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నా, పై కంపెనీ లెక్కలు అతని చేతిలో ఉండవు.

ఇక రెండో వైపు. క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చేసే స్టైన్‌బర్గ్‌ను యమహా 2005 జనవరిలో పినాకిల్ సిస్టమ్స్ దగ్గర కొంది, సుమారు 2.8 కోట్ల డాలర్లకు. ఇరవై ఏళ్లు దాటింది, క్యూబేస్ ఇంకా వస్తూనే ఉంది. ఎందుకు నిలబడిందని ఆమె అడిగారు. నాకు కనబడే కారణాలు చెప్పాను. స్టైన్‌బర్గ్ హాంబర్గ్‌లోనే, తన పేరుతోనే, తన ఇంజనీర్లతోనే ఉండిపోయింది. యమహా తన కీబోర్డులతో పాటు క్యూబేస్ ఏఐ అనే చిన్న వెర్షన్ ఇవ్వడం, స్టైన్‌బర్గ్ పేరు మీద ఇంటర్‌ఫేసులు, కంట్రోలర్లు తయారుచేయడం వంటివి చేసింది. అంతే తప్ప క్యూబేస్‌ను యమహా పరికరాలకు కట్టేయలేదు. పైగా స్టైన్‌బర్గ్ చేతిలో వీఎస్‌టీ, ఏఎస్‌ఐఓ అనే రెండు ప్రమాణాలున్నాయి. 1996లో వచ్చిన వీఎస్‌టీ మీద ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ఎఫెక్టులు, వాయిద్యాలు) కంపెనీలూ, దాని వెంటే వచ్చిన ఏఎస్‌ఐఓ మీద ఇంటర్‌ఫేసు కంపెనీలూ బతుకుతున్నాయి. పోటీదారుల పరికరాలను తొక్కిపెడితే తన ప్రమాణానికే విలువ పోతుంది. అందరితో కలిసి పనిచేయడం ఆ కంపెనీకి వ్యాపార అవసరం అయిపోయింది. వాడుకరికి ఇంతకన్నా మంచి హామీ వేరే లేదు.

ఇదే కంపెనీ చరిత్రలో ఇంకో సంఘటన కూడా ఆమెకు చెప్పాను. 2012లో ఎవిడ్ సంస్థ స్వరలిపి సాఫ్ట్‌వేర్ సిబేలియస్‌ను తయారుచేస్తున్న లండన్ కార్యాలయాన్ని మూసేసింది. సిబేలియస్ పేరు, కోడు ఎవిడ్ దగ్గరే ఉన్నాయి. ఆ బృందంలో చాలామందిని స్టైన్‌బర్గ్ పనిలోకి తీసుకుంది, వాళ్లు 2016లో డోరికో అనే కొత్త స్వరలిపి సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అందుకే ఒక కంపెనీని ఎవరు కొన్నారన్న దానికన్నా, కోడు రాసే మనుషులు ఎక్కడున్నారన్నది ముందు చూడాలంటాను.

తాజా ఉదాహరణ స్టూడియో వన్ సాఫ్ట్‌వేర్ చేసే ప్రీసోనస్. 2021 నవంబర్‌లో దాన్ని గిటార్ల కంపెనీ ఫెండర్ కొంది. స్టూడియో వన్ సాఫ్ట్‌వేర్‌కు మూలాలు హాంబర్గ్‌లో, ఒకప్పుడు స్టైన్‌బర్గ్‌లో పనిచేసినవాళ్ల దగ్గర ఉన్నాయి. కొన్న తర్వాత కూడా అభివృద్ధి ఆగలేదు. 2023లో బిట్‌విగ్ అనే మరో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీతో కలిసి డాప్రాజెక్ట్ అనే బహిరంగ ఫైల్ ఫార్మాట్ తెచ్చారు. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టును ఇంకోదానిలో తెరవడానికి అది దారి. 2024లో క్యూబేస్ 14 కూడా దాన్ని అందుకుంది. 2025 మేలో ఫెండర్ స్టూడియో పేరుతో ఒక ఉచిత యాప్ వచ్చింది. 2026 జనవరిలో స్టూడియో వన్ ప్రో పేరే ఫెండర్ స్టూడియో ప్రోగా మారిపోయింది. గిటార్ పట్టుకోని వాళ్లకు, అంటే డాక్యుమెంటరీ మిక్స్ చేసేవాళ్లకు, ఆర్కెస్ట్రా రాసేవాళ్లకు, ఈ పేరు మార్పు చూస్తే గుబులు పుట్టడం సహజం. ఇకపై ఎవరి అవసరాలు ముందు పెడతారన్న సందేహం అది. నా మటుకు పేరు మార్పును ప్రమాద సూచన అనుకోను. అదే కంపెనీ డాప్రాజెక్ట్ లాంటి బయటి తలుపును తెరిచే ఉంచుతుందా అన్నది చూస్తాను. వాడుకరి వెళ్లిపోవడానికి దారి ఇచ్చే కంపెనీని నమ్మడం తేలిక.

కొన్నది వాయిద్యాల కంపెనీ కాకపోయినా, లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన ఎమాజిక్ సంగతి కూడా చెప్పక తప్పదు. 2002 జులైలో యాపిల్ దాన్ని కొంది, అదే ఏడాది సెప్టెంబర్ 30తో లాజిక్ విండోస్ వెర్షన్ అమ్మకం ఆగిపోయింది. మ్యాక్ వాడేవాళ్లకు అది వరమైంది, 2011 చివర్లో లాజిక్ ప్రో ధర 199 డాలర్లకు దిగింది. విండోస్ వాళ్లు మూడు నెలల్లో రోడ్డున పడ్డారు. కొన్నవాడు తన అసలు సరుకు అమ్ముడుపోవడానికి ఏది పనికొస్తుందో దాన్ని ఉంచుతాడు.

వాయిద్యాల కంపెనీలు ఈ కంపెనీలను ఎందుకు కొంటాయన్నది ఇక్కడే అర్థమవుతుంది. కీబోర్డు ఒకసారి అమ్ముడుపోతే ఆ మనిషి మళ్లీ పదేళ్లకు గానీ రాడు. సాఫ్ట్‌వేర్ ఉంటే ఏటా అప్‌గ్రేడ్ రూపంలోనో, చందా రూపంలోనో వస్తాడు. కొత్త గిటార్ కొన్న కుర్రాడు పెట్టె విప్పిన రోజే రికార్డు చేసుకోగలిగితే ఆ గిటార్ మూలన పడదు. ఇవన్నీ న్యాయమైన కారణాలే. చిక్కల్లా వాయిద్యం తయారుచేసే పద్ధతిలో ఉంది. వాయిద్యానికి ఒక డిజైన్, ఒక విడుదల తేదీ ఉంటాయి, ఆ తర్వాత అది పూర్తయినట్టే. ముప్పై ఏళ్ల కిందటి సింథసైజరు ఇవాళ స్విచ్ వేస్తే మోగుతుంది. సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండా వదిలేస్తే చాలు, దానంతటదే పాడవుతుంది. మ్యాక్ ప్రపంచమే తీసుకుంటే 2006లో ఇంటెల్ ప్రాసెసర్లు వచ్చాయి, 2019లో కాటలినా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది, 2020లో యాపిల్ సొంత చిప్పులు వచ్చాయి. ప్రతిసారీ కోడును మళ్లీ సరిచేసుకోవాలి. ఒక్క కొత్త ఫీచరూ రాకపోయినా ఇంజనీర్ల జీతాలు ఆగవు. కొనే ముందు ఈ ఖర్చును లెక్కలో వేసుకున్న కంపెనీ నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇంకో మోడల్ అనుకున్న కంపెనీ రెండో ఏడాదికి చేతులెత్తేస్తుంది.

ఈ నేపథ్యంతో ఆమె సాఫ్ట్‌వేర్ కొనుగోలు ప్రకటనను ఇద్దరం కూర్చుని చదివాం. ఇంజనీరింగ్ బృందం ఉన్నచోటే ఉంటుందని స్పష్టంగా రాశారు. అది మంచి వార్త. ఇతర కంపెనీల పరికరాల గురించి ఏమీ లేదు. లైసెన్సుల గురించి "ప్రస్తుతానికి మార్పు లేదు" అని ఉంది. ఆ "ప్రస్తుతానికి" దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాను.

సాఫ్ట్‌వేర్‌కు వేసే లైసెన్సు తాళం గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఫైళ్లను బ్యాకప్ చేసి తాళాన్ని మరచిపోతారు. ఆమె పాత వెర్షన్లు యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం) మీద, కొత్తవి ఇంటర్నెట్ యాక్టివేషన్ మీద నడుస్తాయి. డాంగిల్ పోతే, లేదా కంపెనీ సర్వర్ ఆగిపోతే, ఫైలు ఉన్నా తెరిచే ప్రోగ్రాము మొదలవదు. స్టైన్‌బర్గ్ కూడా 2022లో క్యూబేస్ 12తో డాంగిల్ పద్ధతి నుంచి బయటికొచ్చి, 2025లో ఆ డాంగిళ్ల వెనకున్న పాత ఈ-లైసెన్సర్ సేవను మూసేసింది. ముందుగానే చెప్పి చేశారు కాబట్టి సర్దుకోవడానికి వ్యవధి దొరికింది. అలా చెప్పకుండా ఆగిపోయే కంపెనీ విషయంలో ఆ వ్యవధి ఉండదు.

నా సలహా ఇలా ఇచ్చాను: "మీరు మారొద్దు. కానీ ఎప్పుడైనా మారగలిగేలా ఉండండి." ఆమె దానికి ఒప్పుకున్నారు. నాటకం పని అయ్యాక సెషన్ల మీద కూర్చున్నాం.

మొదట మొత్తం సెషన్లను జల్లెడ పట్టాం. ప్రయత్నాలు, సగంలో వదిలేసినవి పక్కన పెట్టి, మళ్లీ అడిగే అవకాశం ఉన్నవి మాత్రమే తీసుకున్నాం. నాటకం మళ్లీ వేస్తే, డాక్యుమెంటరీ ఇంకో భాషలోకి వెళ్తే, సంగీతం మళ్లీ కావాల్సివస్తుంది. అన్నీ చేద్దామనుకుంటే ఏ పనీ పూర్తికాదని నా అభిప్రాయం.

ఎంచుకున్న ప్రతి సెషన్‌కూ స్టెమ్స్, అంటే గాత్రానికీ ఒక్కో వాయిద్యాల గుంపుకీ విడి ఆడియో ఫైళ్లు, తీశాం. గాత్రం ఎఫెక్టులు లేకుండా ఒకటి, ఎఫెక్టులతో ఒకటి. స్ట్రింగ్స్, పెర్కషన్, బేస్, కీబోర్డులు విడివిడిగా. ప్రతి ఫైలూ మొదటి బార్ నుంచే మొదలవ్వాలి, మధ్యలో ఎంత నిశ్శబ్దం ఉన్నా సరే. అప్పుడే ఏ సాఫ్ట్‌వేర్‌లో పడేసినా ఫైళ్లన్నీ ఒకే గీత మీద కూర్చుంటాయి. సెషన్ ఏ శాంపిల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ సంఖ్యలో) ఉంటే అందులోనే, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా తీశాం. బ్రాడ్‌కాస్ట్ వేవ్ అయితే ఫైలులోనే టైమ్‌స్టాంప్ ఉంటుంది కాబట్టి దాన్నే ఎంచుకున్నాం. మిడి ట్రాకులను, టెంపో మార్పులను స్టాండర్డ్ మిడి ఫైలుగా తీశాం. ఆ ఫార్మాట్ 1988 నుంచి ఉంది, దాన్ని చదవని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నాకింతవరకు ఎదురుపడలేదు. ఆమె పాటల్లో గాయని తాళానికి కట్టుబడకుండా పాడిన చోట్ల టెంపో ట్రాక్ నిండా చిన్న చిన్న మార్పులుంటాయి. అవి పోతే తర్వాత వాయిద్యాలు ఏవీ గాత్రంతో కలవవు. అందుకే మిడి ఫైలును వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మెట్రోనోమ్ వేసి గాత్రం స్టెమ్‌తో కలిపి విన్నాం.

స్టెమ్స్ సరిగ్గా వచ్చాయా అన్నది చెవులతో తేల్చే పని కాదు. అసలు మిక్స్‌ను ఒక ట్రాక్ మీద, స్టెమ్స్‌ను వాటి కింద పెట్టి, అసలు మిక్స్ ఫేజ్ తిప్పాలి, అంటే దాని ధ్వని తరంగాన్ని తలకిందులు చేయాలి. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మీటరు కదలదు. దీనికి ముందు మాస్టర్ బస్ (ట్రాకులన్నీ కలిసే చోటు) మీదున్న కంప్రెసర్‌ను, అంటే పెద్ద శబ్దాలను అణిచే ఎఫెక్టును, రెండు వైపులా తీసేయాలి. ఆ కంప్రెసర్ అన్ని వాయిద్యాలూ కలిసిన మొత్తానికి స్పందిస్తుంది, విడివిడి స్టెమ్స్‌కు అలా స్పందించదు కాబట్టి లెక్క ఎప్పటికీ కుదరదు.

చాలా సెషన్లు నిశ్శబ్దం అయ్యాయి. ఒకదానిలో మాత్రం మంచు కురుస్తున్నట్టు సన్నగా ఏదో మిగిలింది. వెతికితే ఎలక్ట్రిక్ పియానో మీదున్న కోరస్ (ఒకే స్వరాన్ని పలుగొంతుల్లా ఊపి వినిపించే) ఎఫెక్ట్. దాని లోపలి ఊపు పాట మొదలుతో పాటు మొదలవదు, తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఆడియోగా తీసిన ప్రతిసారీ ఫలితం కాస్త వేరుగా వస్తుంది. తప్పు ఎక్కడా లేదు. ఆ పియానోను ఒక్కసారి ఎఫెక్ట్‌తో సహా ఆడియోగా చేసి, ఆ ఆడియోనే రెండు చోట్లా వాడాక మీటరు నిలబడింది. అప్పటి మిక్స్‌లో ఆ కోరస్ ఎలా ఊగిందో అలాగే కావాలంటే పాత మాస్టర్ (తుది మిక్స్) ఫైలే దిక్కు. అందుకే మాస్టర్‌నూ అదే ఫోల్డర్‌లో పెట్టాం.

స్ట్రింగ్స్ దగ్గర పని అంత సాఫీగా సాగలేదు. కమాను లాగి వాయించడం, మీటడం, వణికించడం లాంటి పద్ధతులను ఆమె సాఫ్ట్‌వేర్‌లోని సొంత మ్యాపుల ద్వారా రాసుకున్నారు. మిడి ఫైలుగా తీస్తే స్వరాలు వస్తాయి, ఆ పద్ధతుల సమాచారం రాదు. దానికి ఒకటే మార్గం, మ్యాపులను మామూలు కీస్విచ్ స్వరాలుగా (వాయించే పద్ధతిని మార్చమని చెప్పే స్వరాలుగా) మార్చి తర్వాత ఎగుమతి చేయడం. ట్రాక్ ట్రాక్‌కూ చేతితో చేయాలి. ముఖ్యమైన సెషన్లకు చేశాం, మిగతావాటికి ఆడియో ఉందని సరిపెట్టుకున్నాం.

ఇంటర్‌ఫేసు భయానికి కూడా ఒక కొలత పెట్టుకున్నాం. ఇంటర్‌ఫేసు అవుట్‌పుట్ నుంచి ఒక కేబుల్‌ను నేరుగా దాని ఇన్‌పుట్‌కు పెట్టి, ఒక క్లిక్ ప్లే చేసి దాన్నే రికార్డు చేశాం. వచ్చిన క్లిక్ అసలు క్లిక్‌కు ఎన్ని శాంపిళ్లు వెనకబడిందో రాసిపెట్టాం. ప్రతి అప్‌డేట్ తర్వాత ఇదే పరీక్ష. కొన్న సంస్థ తన పరికరాలకే మేలు చేస్తోందా అన్న అనుమానానికి ఇంతకన్నా సూటి జవాబు ఉండదు.

కొనుగోలు తర్వాత జరిగింది చెబుతాను. మొదటి అప్‌డేట్‌లో కొన్న సంస్థ కీబోర్డులకు రెడీమేడ్ టెంప్లేట్లు, ఓ సౌండ్ లైబ్రరీ వచ్చాయి. స్టార్ట్ అయ్యేటప్పుడు కనబడే తెర మీద కొత్త లోగో చేరింది. లూప్ పరీక్షలో అంకె మారలేదు, పోటీదారు ఇంటర్‌ఫేసు మునుపటిలాగే పనిచేసింది. తర్వాతి పెద్ద వెర్షన్‌తో నెలవారీ చందా వచ్చింది గానీ, ఒకేసారి కొనుక్కునే పద్ధతినీ ఉంచారు. ఆమె భయపడ్డ రెండు విషయాల్లో నష్టం జరగలేదు.

నష్టం వేరే చోట జరిగింది. పాత వెర్షన్లతో వచ్చే ఒక ప్లగిన్ల కట్ట కొత్త ఇన్‌స్టాలర్‌లో లేదు. అవి ఇంకో కంపెనీ దగ్గర లైసెన్సు మీద తీసుకున్నవి, యాజమాన్యం మారాక ఆ ఒప్పందం కొనసాగలేదు. విడుదల నోట్సులో చివర్లో చిన్న వాక్యంగా రాశారు. సరిగ్గా అప్పుడే ఆ పాత నాటకాన్ని కొత్త నటులతో మళ్లీ వేస్తున్నారని, ఒక పాటలో గాత్రం మార్చాలని కబురు వచ్చింది. సెషన్ తెరిస్తే "ఈ ప్లగిన్ దొరకలేదు" అన్న జాబితా. గాత్రం మీదున్న రివెర్బ్ (గదిలో పాడినట్టు ప్రతిధ్వని ఇచ్చే ఎఫెక్ట్) కూడా అందులోదే. పాట తెరుచుకుంది, కానీ గది మాయమైపోయింది. కొత్త గాయని గొంతు పొడిగా, మిగతా వాయిద్యాలకు దూరంగా వినబడింది.

అప్పుడు స్టెమ్స్ అక్కరకొచ్చాయి. వాయిద్యాలన్నీ స్టెమ్స్ నుంచే తీసుకున్నాం. పాత గాత్రానికి ఎఫెక్టులు ఉన్న స్టెమ్, లేని స్టెమ్ రెండూ ఉన్నాయి కాబట్టి, ఆ రెండిటినీ పక్కపక్కన వింటూ కొత్త రివెర్బ్‌ను పాతదానికి దగ్గరగా సరిచేయగలిగాం. తోక ఎంతసేపు సాగుతోంది, ఎంత ఆలస్యంగా మొదలవుతోంది, పై స్థాయి ఎక్కడ తగ్గుతోంది, అన్నీ పాత స్టెమ్ నుంచే కొలుచుకున్నాం. దర్శకుడు తేడా గుర్తుపట్టలేదు. ఆమె గుర్తుపట్టారు, "పాతది కొంచెం వెచ్చగా ఉండేది" అన్నారు, అయినా ఒప్పుకున్నారు.

ఈ కేసు నుంచి వాయిద్యాల కంపెనీలను నేను అడగదలుచుకున్నవి ఉన్నాయి. కొన్న రోజు ప్రకటనలోనే, ఇప్పటి వెర్షన్ యాక్టివేషన్ సర్వర్లు కనీసం ఎన్నేళ్లు నడుపుతారో ఒక సంఖ్య రాయండి. ఏ ప్లగిన్ తీసేస్తున్నా, ఒక వెర్షన్ ముందుగా ఆ సాఫ్ట్‌వేర్ తెర మీదే చెప్పండి, విడుదల నోట్సు అడుగున కాదు. ఒకవేళ మూసేయాల్సి వస్తే, చివరి వెర్షన్‌ను తాళం లేకుండా ఇచ్చి వెళ్లండి. ఈ మూడోది ఖరీదైన కోరిక కాదు. అప్పటికే ఆగిపోయిన వస్తువుకు తాళం వేసి ఉంచడం వల్ల కంపెనీకి వచ్చేది ఏమీ లేదు, వాడుకరికి మాత్రం పదేళ్ల పని పోతుంది. పోటీదారుల పరికరాలను సమానంగా చూడండని వేరే చెప్పనక్కర్లేదు. అది చేయకపోతే స్టూడియోలు ఆ సాఫ్ట్‌వేర్ మీద ఎలాగూ ఉండవు, అక్కడ రకరకాల కంపెనీల సామాను కలిసే ఉంటుంది.

వాడుకరి నుంచి కూడా కొంత న్యాయం ఉండాలి. ఒక్కసారి డబ్బు కట్టి ఇరవై ఏళ్లు ఉచితంగా అప్‌డేట్లు రావాలనుకోవడం కుదరదు. ఆ జీవితకాలం ఆఫర్ ఎంతకాలం నిలిచిందో సోనార్ వాళ్లకు తెలుసు. అప్‌గ్రేడ్‌కు డబ్బు తీసుకునే కంపెనీ రేపు కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఆమె ప్రతి పెద్ద వెర్షన్‌కూ కాకుండా, ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు మాత్రం అప్‌గ్రేడ్ కొంటారు. అది సరైన పద్ధతేనని నేనూ అంటాను.

ప్రస్తుతం ఆమె అదే సాఫ్ట్‌వేర్ మీద ఉన్నారు. పాత వెర్షన్, ఆ ప్లగిన్ల కట్ట, డాంగిల్ ఉన్న పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా విడిగా ఉంచాం, దాన్ని అప్‌డేట్ చేయం. కొత్త సెషన్ ఏదైనా డెలివరీ అయిన రోజే స్టెమ్స్, మిడి ఫైలు, మాస్టర్ తీసి రెండు డిస్కుల మీద పెడుతున్నారు. మీటరు పరీక్ష ఆమె అసిస్టెంటే చేస్తున్నాడు. స్ట్రింగ్స్ కీస్విచ్‌ల పని మిగిలిన సెషన్లకు ఇంకా సాగుతోంది, నాటకం సీజన్ మొదలయ్యేలోగా అయ్యేలా లేదు.